మంచు కురిసే ఊళ్లో ఫుట్‌పాత్‌లు ఎవరు శుభ్రం చేస్తారు? పెద్దవాళ్లు వాటి మీద ఎలా నడవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జనవరి మొదటి వారంలో మీరూ మీ ఆవిడా అమ్మాయి పురిటికి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్ వెళ్తున్నారు. మీకు అరవై నాలుగేళ్లు, బీపీ ఉంది, ఎడమ మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతోంది. రోజూ పొద్దున్నే ఐదున్నరకల్లా కేబీఆర్ పార్కులో నడవకపోతే మీకు తోచదు. అక్కడ ఫుట్‌పాత్‌ల మీద మంచు మున్సిపాలిటీ వాళ్లు తీస్తారా, ఉప్పు చల్లితే సరిపోతుందా, అసలు బయట నడవొచ్చా అని అడిగారు. "అమెరికాలో అన్నీ మెషీన్లే, తెల్లారేసరికి రోడ్డు అద్దంలా ఉంటుంది" అని మీ బావగారు ధైర్యం చెప్పారని కూడా రాశారు.

నేను 2002 నుంచి 2019 దాకా కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని ఒక నగర కార్పొరేషన్‌లో రోడ్ల విభాగంలో పనిచేశాను. మొదటి ఐదు చలికాలాలు ఫుట్‌పాత్ మీద మంచు తీసే చిన్న ట్రాక్టర్ తోలాను. మిగతా పన్నెండేళ్లు రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌ని. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. మా తమ్ముడి కుటుంబం మిన్నియాపొలిస్‌లోనే ఉండేది కాబట్టి ఆ ఊరి చలికాలం కూడా చూశాను. తెలిసినంతవరకు వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలా పురిటికని వచ్చి, వచ్చిన వారానికే మణికట్టు విరగ్గొట్టుకున్న మన పెద్దవాళ్లను నేను చాలామందిని చూశాను.

ముందు మంచు అనే మాట దగ్గరే మనకు ఒక చిక్కు ఉంది. డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద బిందువులూ మంచే, ఫ్రీజర్‌లో గోడకు పేరుకునేదీ మంచే. అక్కడ ఈ తేడా తెలియకపోతే కాలు జారుతుంది. ఆకాశం నుంచి దూదిలా రాలేది స్నో. అది చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అప్పుడే పడిన స్నోలో కాలు దిగబడుతుంది, పట్టు ఉంటుంది. మనుషుల్ని పడేసేది ఐస్. ఆ స్నోనే తీయకుండా వదిలేస్తే పదిమంది తొక్కి తొక్కి గట్టిపడి ఐస్ అవుతుంది. లేదా మధ్యాహ్నం ఎండకు కాస్త కరిగి, ఆ నీళ్లు ఫుట్‌పాత్ మీదికి పారి, రాత్రికి పలకలా గడ్డకడుతుంది. అది పల్చగా ఉంటే కింద కాంక్రీటు రంగే కనిపిస్తుంది, తడి అనుకుంటాం. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు. తడి షాబాదు బండ మీద సబ్బునీళ్లు పోసి నడిస్తే ఎలా ఉంటుందో అంతకంటే ఘోరంగా ఉంటుంది.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లకు అసలు శత్రువు స్నో కాదు, స్నో నేలకు అతుక్కోవడం. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను దోసె ఉదాహరణ చెప్పేవాణ్ని (వాళ్లకు దోసె అంటే ఏమిటో కూడా చెప్పాల్సి వచ్చేదనుకోండి). పెనం మీద ముందే నూనె రాసి పిండి పోస్తే అట్లకాడ తగలగానే లేచొస్తుంది. రాయకుండా పోసి, అంటుకుపోయాక చుట్టూ ఎంత నూనె పోసినా గీకాల్సిందే, చిరిగిపోవాల్సిందే. ఫుట్‌పాత్ కూడా అంతే. మంచు పడే ముందే ఉప్పునీళ్లు పిచికారీ చేసి ఉంచితే, కింద పొర అతుక్కోదు, బ్లేడు వెళ్తే మొత్తం లేచొస్తుంది. పడి, తొక్కబడి, గడ్డకట్టాక నాలుగు రెట్ల ఉప్పు వేసినా సగమే వస్తుంది. ఒక నగరం ఈ పని బాగా చేస్తోందా లేదా అని తెలుసుకోవాలంటే దాని దగ్గర ఎన్ని మెషీన్లున్నాయని చూడక్కర్లేదు, అతుక్కునేలోపు చేరుతున్నారా అని చూస్తే చాలు.

ఇప్పుడు మీ బావగారి మాట. రోడ్డు విషయంలో ఆయన చెప్పింది చాలావరకు నిజం. ఫుట్‌పాత్ విషయంలో కాదు. అమెరికాలో చాలా నగరాల్లో ఇంటి ముందు ఫుట్‌పాత్ శుభ్రం చేయాల్సింది ఆ ఇంటి యజమానే. మిన్నియాపొలిస్‌లో కూడా అదే చట్టం. విడి ఇళ్లు, రెండు కుటుంబాలుండే ఇళ్ల వాళ్లు మంచు ఆగిన 24 గంటల్లో తీసేయాలి. అపార్ట్‌మెంట్లు, దుకాణాల వాళ్లకు పగటి వేళ 4 గంటలే గడువు. పూర్తి వెడల్పున, కాంక్రీటు కనిపించేదాకా తీయాలి. మూలమీద ఇల్లు ఉన్నవాళ్లు, రోడ్డు దాటే చోట ఉండే వాలు కూడా శుభ్రం చేయాలి. ఎవరైనా తీయకపోతే 311 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి నోటీసు ఇస్తారు, అప్పటికీ తీయకపోతే నగరమే మనుషుల్ని పంపి తీయించి ఆ ఖర్చు యజమాని నుంచి వసూలు చేస్తుంది. కానీ ఈ వ్యవహారమంతా అయ్యేసరికి రోజులు పడుతుంది. ఆలోపు ఆ పది గజాలు ఐస్ అయిపోతాయి.

మన వీధుల్లో ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చి కల్లాపి చల్లుకున్నట్టే అనుకోండి. ఒక ఇంటి ముందు తళతళలాడుతుంది, పక్కిల్లు తాళం వేసి ఉంటుంది, అక్కడ నిన్నటి చెత్త అలాగే ఉంటుంది. మన దగ్గర చెత్తే కాబట్టి దాటి వెళ్లిపోతాం. అక్కడ బాగున్న ఫుట్‌పాత్ మీద ధీమాగా నడుస్తూ హఠాత్తుగా ఆ తాళం వేసిన ఇంటి ముందుకు వచ్చేస్తారు. నడకలో ఎక్కువమంది పడేది ఆ సరిహద్దు దగ్గరే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి, మీ అమ్మాయి వాళ్లు ఉండేది అద్దె ఇల్లయితే మంచు తీసే బాధ్యత ఎవరిదో లీజులో రాసి ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. విడి ఇల్లు అద్దెకు తీసుకుంటే చాలాసార్లు అద్దెకున్నవాళ్ల మీదే పెడతారు. మీరు వెళ్లేలోపు ఒకసారి చూడమనండి. ఎందుకు చెబుతున్నానో చివర్లో రాస్తాను.

కెనడాలో చాలా నగరాల్లో పద్ధతి వేరు, కార్పొరేషనే ఫుట్‌పాత్‌లు శుభ్రం చేస్తుంది. టొరంటోలో మాత్రం పాత నగరం నడిబొడ్డులో ఫుట్‌పాత్‌లు ఇరుకని చెప్పి చాలాకాలం యజమానులకే వదిలేశారు. ఇరుకు సందుల్లో పట్టే చిన్న మెషీన్లు తెచ్చి, 2021-22 చలికాలం నుంచి ఆ వీధులు కూడా నగరమే తీయడం మొదలుపెట్టింది. మాంట్రియల్‌లో అయితే పక్కకు తోసి ఊరుకోరు. రోడ్డు పక్కన ఆపిన కార్లు తీయమని సైరన్ మోగించి, తీయనివాటిని టో చేసి, గుట్టల్ని లారీల్లోకి ఎక్కించి డంపుల్లో పోసి వస్తారు. అంత మంచు పడే ఊళ్లో తోసుకుంటూ పోతే ఫిబ్రవరికల్లా ఫుట్‌పాత్ అనేదే మిగలదు.

మా ఒంటారియోలో రాష్ట్ర నిబంధన ఒకటి ఉంది. 2018లో ఫుట్‌పాత్‌ల మీది మంచును కూడా దాంట్లో చేర్చారు. దాని ప్రకారం మంచు ఆగాక 48 గంటల్లో ఫుట్‌పాత్ మీద లోతు 8 సెంటీమీటర్లకు మించకుండా తగ్గించాలి, కనీసం ఒక మీటరు వెడల్పు దారి ఇవ్వాలి. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. 8 సెంటీమీటర్ల మంచులో తోపుడు బండిలో పసిపిల్లను ఎలా తీసుకెళ్తారు? చక్రాల కుర్చీ ఎలా వెళ్తుంది? అయితే అది కనీస ప్రమాణం మాత్రమే, చాలా నగరాలు అంతకంటే మెరుగ్గా చేస్తాయి. అసలు ఆ కాగితం అంత వదులుగా ఉండటానికి కారణం కోర్టు కేసులు. అక్కడ ఫుట్‌పాత్ మీది ఐస్ మీద పడి దెబ్బ తగిలితే, నగరం ఘోరమైన నిర్లక్ష్యం చూపిందని రుజువైతేనే పరిహారం వస్తుంది. అది కూడా పడిన 10 రోజుల్లోపు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

అదే నిబంధనల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఫుట్‌పాత్ మీద రెండు పలకల మధ్య ఎత్తు తేడా 2 సెంటీమీటర్లు దాటితే, ఆ విషయం తెలిసిన 14 రోజుల్లో సరిచేయాలి. సైనిక్‌పురిలో పొద్దున్నే నడుస్తున్నప్పుడు, ఎత్తిన పలకలు, మూత సరిగ్గా లేని మ్యాన్‌హోళ్లు, అడ్డంగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు చూసినప్పుడల్లా ఈ ఒక్క నియమం మనకూ ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అక్కడ ఈ నియమానికీ మంచుకూ సంబంధం ఉంది. చెట్టు వేరు లేపిన పలకకు మంచు కింద దాగిన బ్లేడు తగిలిందంటే ట్రాక్టర్ ఒక్కసారిగా ఆగిపోతుంది, తోలేవాడు సీటు బెల్టుకు కొట్టుకుంటాడు. అందుకే అక్టోబరులోనే మేం రూట్లన్నీ కాలినడకన తిరిగేవాళ్లం. ఎత్తిన పలకలు అరగదీయించి, నీటి హైడ్రాంట్లు, మలుపుల అంచుల దగ్గర పొడవాటి కర్రలు పాతేవాళ్లం. చలికాలం పని సగం ఆ నెలలోనే అయిపోతుంది.

ఒక రాత్రి ఎలా ఉండేదో చెబుతాను. సాయంత్రం వాతావరణ సూచన చూస్తాం, కానీ గాలి ఉష్ణోగ్రత కంటే నేల ఉష్ణోగ్రత ముఖ్యం. డిసెంబరు మొదట్లో గాలి మైనస్‌లో ఉన్నా నేలలో ఇంకా వేడి ఉంటుంది, ఉప్పు బాగా పనిచేస్తుంది. ఫిబ్రవరిలో నేల లోతుదాకా గడ్డకట్టి ఉంటుంది, గాలి కాస్త వెచ్చబడినా కాంక్రీటు మైనస్ పదిలోనే ఉంటుంది. అది కొలవడానికి నేల మీదికి గురిపెట్టే చిన్న మీటరు గన్ ఉంటుంది. మంచు మొదలయ్యే ముందే ఉప్పునీళ్ల ట్యాంకు ఉన్న ట్రాక్టర్లు ఒక చుట్టు తిరుగుతాయి. ఒకటీ ఒకటిన్నరకు డ్యూటీ ఫోన్లు మోగుతాయి. యార్డులో గోపురంలా ఉండే ఉప్పు గోదాము దగ్గర లోడింగ్. ఆ ట్రాక్టర్ మన మినీ ట్రాక్టరంత ఉంటుంది. ముందు నాగలిలా రెండు వైపులా చీల్చే బ్లేడు, వెనక ఉప్పు చల్లే డబ్బా. మొదట ఆసుపత్రులు, స్కూళ్లు, బస్సులు తిరిగే పెద్ద రోడ్లు. తర్వాత మధ్యరకం వీధులు. కాలనీల లోపలి వీధులు చివరికి.

ఈ వరస దగ్గర మేం చేసిన ఒక తప్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మా దగ్గర రోడ్డు బండ్లకు ఒక షెడ్యూలు, ఫుట్‌పాత్ ట్రాక్టర్లకు ఇంకో షెడ్యూలు ఉండేవి. నాలుగింటికి మా ట్రాక్టర్ వెళ్లి ఫుట్‌పాత్ శుభ్రం చేసేది. ఆరింటికి పెద్ద రోడ్డు బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా పక్కకు తోసేది. ఆ తోసిన గట్టు సరిగ్గా బస్టాపు దగ్గర, రోడ్డు దాటే వాలు మీద పడేది. లెక్కల్లో రెండు పనులూ పూర్తయినట్టే ఉండేవి. ఒకరోజు తెల్లవారి నేను రూట్ చూసుకుంటూ వెళ్తుంటే, చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఆ గట్టు ముందు ఆగిపోయి ఉన్నారు. ఆవిడ వెనక వంద గజాలు మేం శుభ్రం చేసిన ఫుట్‌పాత్. ముందు మోకాలెత్తు మంచు. ఆవిడ ఎక్కాల్సిన బస్సు అప్పటికే వెళ్లిపోయింది. పార తీసుకుని నేనే దారి చేశాను గానీ, "రోజూ ఎవరో ఒకరు వస్తారులెండి" అని ఆవిడ చెప్పిన మాట తలెత్తుకోనివ్వలేదు. ఆ వారం నుంచి రోడ్డు బండి దాటాకే ట్రాక్టర్ వెళ్లేలా నా పరిధిలో వరస మార్చాను, మలుపులకూ బస్టాపులకూ పారలతో విడిగా ఇద్దరు మనుషుల్ని పెట్టించాను. మెషీన్ చేయలేని పని అక్కడే ఉంటుంది. ఆ గట్టును ఆలస్యం చేస్తే జనం దాని మీదుగానే ఎక్కి దిగి మధ్యాహ్నానికి రాయిలా చేసేస్తారు.

ఇక ఉప్పు. మీరు పాతబస్తీలోనో, మీ కాలనీలోనో కుల్ఫీ బండి చూసే ఉంటారు. కుండలో ఐస్ ముక్కలు, వాటి మీద రాళ్ల ఉప్పు, మధ్యలో పాల డబ్బాలు. ఉప్పు తగలగానే ఐస్ కరగడం మొదలవుతుంది. కానీ ఆ కరిగిన నీళ్లు సున్నా కంటే చల్లగా ఉంటాయి, అందుకే పాలు గడ్డకడతాయి. ఫుట్‌పాత్ మీద కూడా జరిగేది ఇదే. ఉప్పు వేడి పుట్టించదు, నీళ్లు గడ్డకట్టే హద్దును కిందికి దించుతుంది, అంతే. కరగడానికి కావాల్సిన వేడి నేల నుంచీ గాలి నుంచీ రావాలి. వందలో 23.3 వంతుల ఉప్పు ఉన్న నీళ్లు అన్నిటికంటే కింద, మైనస్ 21 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ముందుగా పిచికారీ చేసే ఉప్పునీళ్లను ఆ పాళ్లలోనే కలుపుతారు.

కాగితం మీద మైనస్ 21 అన్నమాటే గానీ, ఆచరణలో నేల మైనస్ 9 దాటి చల్లబడిందంటే మామూలు ఉప్పు పని దాదాపు అయిపోయినట్టే. మైనస్ 1 డిగ్రీ దగ్గర ఒక కిలో ఉప్పు 46 కిలోల ఐస్‌ను కరిగిస్తుంది. మైనస్ 7 దగ్గర అదే కిలో 8 కిలోల పైచిలుకు కరిగిస్తుంది. మైనస్ 12 దగ్గర 5 కిలోలు కూడా కరిగించలేదు, అది కూడా గంటలు పడుతుంది. మీరు వెళ్లే నెలలో మిన్నియాపొలిస్ సగటే మైనస్ 9 దగ్గర ఉంటుంది. రాత్రుళ్లు ఇంకా కిందికి పోతుంది. కాబట్టి "ఉప్పు చల్లితే సరిపోతుందా" అంటే, జనవరిలో ఆ ఊళ్లో చాలా రోజులు సరిపోదు. అలాంటప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. దుకాణాల్లో సంచుల మీద ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది, చూసి కొనాలి.

రోడ్డుకూ ఫుట్‌పాత్‌కూ ఇంకో తేడా ఉంది. రోడ్డు మీద ఉప్పు వేస్తే వెనకే వందల కార్లు వెళ్లి దాన్ని నలిపి, కలిపి, ఆ గుజ్జును పక్కకు చిమ్మేస్తాయి. టైర్ల రాపిడి సాయం చేస్తుంది. ఫుట్‌పాత్ మీద ఆ సాయం లేదు. గింజ పడ్డచోట చిన్న గుంట చేసుకుని అక్కడే కూర్చుంటుంది. అందుకే జనం కంగారుపడి బస్తాలు బస్తాలు కుమ్మరిస్తారు. కరిగాక ఆ ఉప్పంతా ఎక్కడికీ పోదు. ఒక్క టీస్పూను ఉప్పు దాదాపు 19 లీటర్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని మిన్నెసోటా ప్రభుత్వ కాలుష్య నియంత్రణ విభాగం ఏటా జనానికి చెబుతూనే ఉంటుంది. వేల చెరువులున్న రాష్ట్రం అది. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఒకసారి చెరువులో కలిస్తే వడగట్టి తీసేసే సులువైన దారి లేదు. చెరువు పోతే ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ విభాగం చెప్పే కొలతే మీ అమ్మాయికీ చెప్పండి. ముందు పారతో శుభ్రంగా తీయాలి, తర్వాత మిగిలిన పొర మీద మాత్రమే ఉప్పు. ఒక కాఫీ మగ్గు ఉప్పు పది ఫుట్‌పాత్ పలకలకు సరిపోతుంది. నారుమడిలో విత్తనం చల్లినట్టు గింజకూ గింజకూ మధ్య రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి. తెల్లగా పరుచుకుందంటే ఎక్కువైనట్టు. కాంక్రీటు ఎండాక మిగిలిన గింజలు ఊడ్చి డబ్బాలో పోసుకుంటే మళ్లీ పనికొస్తాయి.

ఉప్పు పనిచేయని చలిలో ఇసుకే దిక్కు. ఇసుక ఏదీ కరిగించదు, కాలికి పట్టునిస్తుంది. నాకు చలికాలంలో అన్నిటికంటే నమ్మకమైన స్నేహితుడు ఇసుకే. మిన్నియాపొలిస్ నగరం నివాసితులకు ఇసుక ఉచితంగా ఇస్తుంది, బకెట్ పట్టుకెళ్లి నింపుకోవచ్చు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఫుట్‌పాత్‌ల మీద ఉప్పుకు బదులు సన్నటి రాతి చిప్స్ చల్లుతారు. వసంతంలో అదంతా ఊడ్చి ఎత్తేదాకా ఊరంతా దుమ్మే. జపాన్‌లోని సపోరోలో కూడళ్ల దగ్గర ఇసుక పొట్లాల పెట్టెలు ఉంటాయి, నడిచేవాళ్లే తీసి ముందు చల్లుకుని దాటతారు. అది చదివినప్పుడు మా దగ్గర కూడా పెడదామని చాలా ప్రయత్నించాను, రెండు కూడళ్లకు మించి ఒప్పించలేకపోయాను. మిషిగన్‌లో హాలండ్ అనే చిన్న ఊరు 1988 నుంచి ఫుట్‌పాత్‌ల కింద గొట్టాలు వేసి, విద్యుత్ కేంద్రం నుంచి వృథాగా పోయే వేడితో వెచ్చబెట్టిన నీళ్లు తిప్పుతోంది. అక్కడ మంచు పడగానే కరిగిపోతుంది. వేడి ఉచితంగా దొరికే చోటే అది కుదురుతుంది. మిగతా ఊళ్లకు బ్లేడు, ఉప్పు, ఇసుక, మనిషి తప్పవు.

ఒక్క సందర్భంలో ఇవన్నీ చేతులెత్తేస్తాయి, అది ఫ్రీజింగ్ రెయిన్. వాన చినుకులా పడి, నేల తాకగానే గడ్డకట్టే వాన. 2013 డిసెంబరు 21, 22 తేదీల్లో టొరంటో చుట్టుపక్కల పడింది. ఒక్క టొరంటోలోనే సుమారు మూడు లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. ప్రతి కొమ్మ, ప్రతి తీగ, ప్రతి మెట్టు గాజు తొడిగినట్టు అయిపోయింది. చల్లిన ఉప్పును వెనకే వాన కడిగేసేది. మా ట్రాక్టర్లే వాలు మీద పక్కకు జారిపోయాయి. ఆ రెండు రోజులు మేం ఆసుపత్రుల దారులు తప్ప ఏవీ నిలబెట్టలేకపోయాం. మీ ఫోన్‌లో వాతావరణ హెచ్చరికలో ఫ్రీజింగ్ రెయిన్ అన్న మాట కనిపిస్తే ఆ రోజు గుమ్మం దాటకండి, చెత్తబుట్ట పెట్టడానికి కూడా.

ఇప్పుడు మీ నడక సంగతి. పొద్దున్న ఐదున్నర నడక అక్కడ మానేయండి. రాత్రి గడ్డకట్టిందంతా అప్పుడే ఉంటుంది, చీకటి, ఎవరూ ఉప్పు వేసి ఉండరు. పదకొండు నుంచి రెండు మధ్య వెళ్లండి. సాయంత్రం నాలుగు దాటితే మళ్లీ వద్దు, మధ్యాహ్నం కరిగిన నీళ్లు అప్పుడే ఐస్ అవుతుంటాయి. ఇంకో చిన్న కిటుకు. చలికాలంలో ఆ ఊళ్లో సూర్యుడు దక్షిణాన కిందికి వాలి ఉంటాడు. తూర్పు పడమరలుగా పోయే వీధిలో దక్షిణం వైపు ఇళ్ల నీడ ఆ వైపు ఫుట్‌పాత్ మీదే రోజంతా పడి ఉంటుంది. ఉత్తరం వైపు ఫుట్‌పాత్‌కు ఎండ తగులుతుంది, త్వరగా ఆరుతుంది. ఎప్పుడూ ఉత్తరం వైపు నడవండి. పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు ఫుట్‌పాత్ వైపు తెరుచుకున్న ఇళ్ల ముందు, కార్లు ఇంట్లోకి ఎక్కే వాలుల దగ్గర ఆగి చూసి అడుగు వేయండి.

మన స్పోర్ట్స్ షూ అక్కడ పనికిరాదు, చలికి అడుగు భాగం గట్టిపడి జారుతుంది. ఇక్కడ కొనకండి, అక్కడికి వెళ్లాక స్నో బూట్లు, వాటి కిందికి తొడుక్కునే రబ్బరు పట్టీల స్పైకులు కొనుక్కోండి. షాపుల్లోకి, ఇంట్లోకి వెళ్లగానే స్పైకులు విప్పేయాలి, టైల్స్ మీద అవే పడేస్తాయి. నడిచేటప్పుడు అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా, బరువు ముందు కాలి మీద ఉంచి నడవాలి. చేతులు జేబుల్లో పెట్టుకోకండి, గ్లవ్స్ వేసుకుని బయటే ఉంచండి. పడబోతున్నప్పుడు ఆ చేతులే కాపాడతాయి.

నిజం చెప్పాలంటే మీ మోకాలితో జనవరి నెలంతా బయట నడవాలని పట్టుబట్టొద్దు. ఆ ఊరు ఈ ఇబ్బందికి ఒక మంచి మార్గం కనిపెట్టింది. నగరం నడిబొడ్డులో భవనాలను రెండో అంతస్తులో కలుపుతూ గాజు వంతెనలు కట్టారు. స్కైవే అంటారు. మొదటిది 1962లో వచ్చింది. ఇప్పుడు దాదాపు 80 బ్లాకులను కలుపుతూ 15 కిలోమీటర్ల పొడవుంది. బయట మైనస్ 20 ఉన్నా లోపల మామూలు స్వెటరుతో నడవొచ్చు. పక్కనే ఉన్న బ్లూమింగ్టన్‌లో మాల్ ఆఫ్ అమెరికా కూడా ఉంది, అక్కడ పెద్దవాళ్లు నడక కోసమే వస్తుంటారు. అల్లుడుగారిని వారానికి మూడు రోజులు దింపమనండి, మొహమాటపడకండి.

లీజు సంగతి చివర్లో చెబుతానన్నాను. మన తండ్రులు అక్కడికి వెళ్లాక చేసే పని ఒకటుంది. అల్లుడు ఆఫీసుకు వెళ్తాడు, అమ్మాయి నిండు మనిషి, ఇంటి ముందు మంచు పేరుకుని ఉంటుంది. "ఖాళీగానే ఉన్నాను కదా, నేను తీసేస్తాను" అని పార అందుకుంటారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. తడి స్నో ఒక్క పార నిండా ఎత్తితే పది కిలోల దాకా తూగొచ్చు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఊపిరి బిగబట్టి బరువు ఎత్తుతాం, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్ద మంచు పడిన మర్నాడు గుండెపోటు కేసులు పెరుగుతాయని అక్కడ డాక్టర్లందరికీ తెలుసు. మా యార్డులోనే, నాకంటే చిన్నవాడైన ఒక సహోద్యోగి తన ఇంటి ముందు మంచు తీస్తూ పడిపోయాడు, మళ్లీ లేవలేదు. రోజంతా మెషీన్ల మీద మంచు తీసిన మనిషి అతను.

కాబట్టి లీజులో బాధ్యత వాళ్లదే అని ఉంటే, ఇప్పుడే సీజన్ మొత్తానికి ఎవరినైనా మాట్లాడుకోమని చెప్పండి. పక్కింటి కాలేజీ కుర్రాళ్లు కూడా డబ్బులు తీసుకుని చేస్తారు. మంచు రాకముందే మాట్లాడితే దొరుకుతారు, పడ్డాక ఎవరూ ఖాళీ ఉండరు. గుమ్మం పక్కన మూత ఉన్న బకెట్‌లో ఇసుక, అందులో ఒక పాత గ్లాసు పెట్టి ఉంచమనండి. నొప్పులు ఏ అర్ధరాత్రి మొదలవుతాయో తెలియదు. గుమ్మం నుంచి కారు దాకా ఆ పది అడుగులు మీరే ముందు నడిచి ఇసుక చల్లండి, వెనక అమ్మాయిని చెయ్యి పట్టుకుని నడిపించమని అల్లుడికి చెప్పండి.